అందరూ బాగుందన్న హోటల్

2022 ఎండాకాలం. కరోనా భయం తగ్గి జనం మళ్ళీ బయట కూర్చుని తినడం మొదలుపెట్టిన రోజులు. జగిత్యాలలో నా షెడ్డులో స్టీలు రేకులు కోసే మిషన్ పొద్దున మొదలైతే చీకటి పడేదాకా ఆగేది కాదు. నా పని కమర్షియల్ కిచెన్లు కట్టడం. హోటళ్ళకు, ఫంక్షన్ హాళ్ళకు వంటగదిలో కావలసిన పొయ్యిలు, స్టీలు బల్లలు, పొగ లాగే ఎగ్జాస్ట్ హుడ్డు, గ్యాస్ పైపులైను అన్నీ కొలత తీసుకుని చేసి బిగించి ఇస్తాను. ఆ హోటల్ మూతపడితే వాటినే విప్పి తెచ్చి, తోమి, ఇంకొకరికి అమ్ముతాను. కట్టేదీ మీరే విప్పేదీ మీరే, మీరు ఎవరి పక్షమండీ అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంటుంది.

మా దిక్కు హోటళ్ళు ఎందుకు మూతపడతాయో చాలామంది నన్ను అడుగుతుంటారు. కారణాలు నాకు నోటికి వచ్చు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాడు అక్కడ తిన్న వంటలు ఇక్కడ పెడతానని షట్టరు అద్దెకు తీసుకుంటాడు. హైదరాబాద్ నుంచి పిలిపించుకున్న వంట మాస్టర్ పండక్కి పోయి మళ్ళీ రాడు. మెనూ కార్డు పెళ్ళి ఆల్బమంత మందం ఉంటుంది, అందులో సగం అడిగితే ‘ఇయ్యాల లేదు’ అంటారు. హాలుకు ఏసీలు, ఫోటోలు దిగడానికి గోడ నిండా ప్లాస్టిక్ ఆకులు, వంటగదికేమో గాలాడని మూల. ఇవన్నీ చూసీ చూసీ, కొత్త హోటల్లో ఒకసారి తిరిగితే చాలు, ఇది ఎన్నాళ్ళుంటుందో నాకు తెలిసిపోయేది. ఒక్క కోరుట్ల హోటల్ విషయంలో మాత్రం నేను బోర్లా పడ్డాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

ఆ హోటల్ మోహన్‌రావు గారిది. కథలాపూర్ దగ్గర ఒక ఊళ్ళో వాళ్ళది పాత దొరల కుటుంబం. కోటలాంటి వాళ్ళ గడీ ఎప్పుడో కూలిపోయింది, పెత్తనాలు అంతకు ముందే పోయాయి. ఈయన వ్యవసాయం చేసుకుంటూ, కొన్నాళ్ళు విత్తనాల డీలర్‌షిప్ నడిపి, అరవై దాటాక నా షెడ్డుకు వచ్చాడు. తెల్ల బట్టలు, మెత్తటి మాట. స్టూలు వేస్తే దాని మీదే కూర్చున్నాడు.

‘‘కోరుట్లల హోటల్ పెడుతున్న శీనూ. కిచెన్ నువ్వు జెయ్యాలె’’ అన్నాడు.

‘‘గీ వయసుల గీ తిప్పలెందుకు సార్? ఆరాంగ ఉండక’’ అన్నాను. నా నోటికి అదుపు తక్కువ.

ఆయన నవ్వాడు. ‘‘మా నాయన ఉన్నప్పుడు పండుగకు ఊరందరికి మా ఇంట్ల బువ్వ పెడుతుండె. వాళ్లు వాకిట్ల కింద కూసోని తింటుంటె మేం అరుగు మీద కూసోని చూస్తుంటిమి. చిన్నప్పటిసంది నాకు గది మంచిగ అనిపించకపోతుండె. మా ఊరోళ్ళు, చుట్టుపక్కలోళ్ళు నా ముంగట బల్ల మీద కూసోని తినాలె, నేను నిలబడి మంచిచెడ్డ అరుసుకోవాలె. గదొక్కటే నా కోరిక.’’

‘‘మరి వ్యాపారం?’’

‘‘గది గూడ నడవాలె. మామిడితోట అమ్మిన శీనూ. నడవకుంటె వాళ్ళను ఏడ గూసోబెట్టాలె?’’

ఆ మాటకు నేను పడిపోయాను. ఇలాంటి కారణంతో హోటల్ పెట్టినవాణ్ణి నేను అంతవరకు చూడలేదు. నా సొంత పనిలా చేసి ఇచ్చాను. ఆయన కూడా నేను చెప్పినట్టల్లా విన్నాడు. వంటగదికి రెండు దిక్కులా కిటికీలు పెట్టించాడు. మెనూలో పదిహేను రకాలు దాటనివ్వలేదు. జొన్నరొట్టె, బగారన్నం, మటన్, నాటుకోడి, పచ్చిపులుసు, ఇట్లా మన ఇళ్ళల్లో తినేవే. వండేది లచ్చవ్వ. వాళ్ళ ఇంట్లో నలభై ఏళ్ళుగా వంట చేస్తున్న మనిషి, ఆమె చేతి మటన్ తిన్నవాళ్ళు ఆ ఊరు దాటినా మరిచిపోరు. వడ్డించేవాళ్ళందరినీ తన ఊరి నుంచే తెచ్చుకున్నాడు, నలుగురికి పని దొరుకుతుందని. ఇక ఈ హోటల్ సామాను నాకు దక్కదులే అని మా ఆవిడతో నవ్వుతూ అన్నాను.

ప్రారంభం రోజున ఊరు ఊరంతా ఆటోల్లో దిగింది. మోహన్‌రావు గారు ఒక్కో టేబుల్ దగ్గరికి వెళ్ళి నిలబడి, ‘‘ఎట్లుందే? మంచిగున్నదా? ఇంకింత ఏపిచ్చుకో’’ అని అడుగుతున్నాడు. పెళ్ళివారింట్లో పెద్దమనిషి చేసే మర్యాదే అది. మా దిక్కు ఎదురుగా నిలబడి కొసరి కొసరి తినిపించకపోతే అన్నం పెట్టినట్టే కాదు. అయితే ఆయన దగ్గరికి రాగానే తినేవాళ్ళు లేచి నిలబడుతున్నారు. పులుసు కారుతున్న చెయ్యి అట్లాగే పట్టుకుని, ముద్ద బుగ్గన పెట్టుకుని, ‘‘మంచిగుంది దొరా, మస్తుంది’’ అంటున్నారు. ఈయన ‘‘అరె, కూసోండ్రి, కూసోండ్రి’’ అని భుజం పట్టి కూర్చోబెడితే, సగం కూర్చుని, ఆయన రెండడుగులు వేసేదాకా ముద్ద ఎత్తడం లేదు. నాకు నవ్వొచ్చింది. మొదటిరోజు కదా, అలవాటైపోతుందనుకున్నాను.

రెండు మూడు నెలలు గడిచాక బల్క్ బర్నర్ మంట సరిగ్గా రావడం లేదని ఫోన్ వచ్చింది. పెద్ద డేగిసాలు పెట్టి వండే పొయ్యిని బల్క్ బర్నర్ అంటాం. బాగు చేశాక భోజనం చెయ్యమన్నారు. మటన్ ముక్క నోట్లో పెట్టుకున్నానో లేదో, అబ్బా, ఉప్పు! వట్టి ఉప్పు. పచ్చిపులుసు తాగి చూశాను, అదీ అంతే. ఈ ఒక్కరోజు చెయ్యి జారిందేమో అనుకుని, చెయ్యి కడుక్కునే వంకతో వెనక్కి వెళ్ళాను. తిన్న ప్లేట్లు తెచ్చి పెట్టే స్టీలు బల్లను డిష్ ల్యాండింగ్ అంటాం. హోటల్ సంగతి తెలుసుకోవాలంటే నేను గల్లా పెట్టె చూడను, ఆ బల్లనే చూస్తాను. అక్కడ సగం తిని వదిలేసిన మటన్ గిన్నెలు వరసగా ఉన్నాయి. హాల్లో ఉన్నవి నాలుగు టేబుళ్ళ జనమే. మొదట్లో పెళ్ళి పందిరిలా ఉన్న హోటల్ అది.

తిన్నగా గల్లా దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ‘‘సార్, కూరల ఉప్పు బాగ ఎక్కువుంది. మీరు రుచి చూస్తలేరా?’’

‘‘నాకు బీపీ ఉన్నది గదనయ్యా. డాక్టర్ ఉప్పు ముట్టొద్దన్నడు, ఇంటికాడికెల్లి సప్పటి క్యారేజీ వస్తది’’ అన్నాడు. తరువాత కొంచెం నొచ్చుకున్నట్టుగా, ‘‘రోజు గింతమందిని అడుగుత, ఒక్కలు గూడ గా మాట అనలే. నీ నాలికెట్లున్నదో!’’

‘‘నా నాలికకేం సార్, సుబ్బరంగున్నది.’’

‘‘అయితె రా, నీ ముంగటనే అడుగుత.’’

నా చెయ్యి పట్టుకుని టేబుళ్ళ మధ్యకు తీసుకుపోయాడు. మొదటి టేబుల్ మీద వాళ్ళ ఊరి కొమురయ్య ఉన్నాడు. యాభై ఏళ్ళ రైతు. వాళ్ళ నాయన ఒకప్పుడు ఆ గడీలో పనిచేసినవాడు. కోరుట్లకు ఏ పని మీద వచ్చినా ఇక్కడే తిని పోతాడని మోహన్‌రావు గారు గొప్పగా చెప్పుకునేవాడు. మమ్మల్ని చూడగానే లేచాడు. ప్లేటులో మటన్ అట్లాగే ఉంది.

‘‘కొమురయ్యా, నిజం చెప్పు. ఉప్పు ఎక్కువైందా?’’

‘‘లేదు దొరా! మస్తుంది.’’

‘‘మరి కూరెందుకు ఇడిసిపెట్టినవ్?’’

‘‘కడుపు నిండింది దొరా.’’

పక్క టేబుల్ మీద ఉన్నవాళ్ళు టౌనువాళ్ళే, మొగుడూ పెళ్ళాం. వాళ్ళకు ఈయన దొర అయినా ఒకటే, కాకపోయినా ఒకటే. కానీ పక్కవాళ్ళు లేచి నిలబడటం చూశారు, తెల్లబట్టల పెద్దమనిషి నెత్తి మీద నిలబడి అడుగుతున్నాడు. వాళ్ళూ ‘‘బాగుంది సార్’’ అనేశారు. ఎవరంటారండీ బాగాలేదని? వాళ్ళ చోట ఉంటే నేనైనా అనను. అందరినీ అడిగి మోహన్‌రావు గారు నా వైపు తిరిగిన తీరు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. గెలిచిన చిన్నపిల్లవాడి మొహం అది. ఫోన్లో హోటల్‌కు వచ్చిన రేటింగ్ స్టార్లు కూడా చూపించాడు. ఇచ్చినవాళ్ళంతా చుట్టాలే.

వంటగదిలో లచ్చవ్వకు నాలుక మొద్దుబారిందని వడ్డించేవాళ్ళకు తెలుసు. వాళ్ళనూ గట్టిగా అడిగాను. ‘‘మేమెట్ల చెప్తమన్నా? ఆమె దొర ఇంటి మనిషి’’ అన్నాడు ఒకడు. నాకు ఒళ్ళు మండింది. కూరలో ఉప్పు ఎక్కువవడం ఒక రోగమేనా? పొద్దున చెప్తే మధ్యాహ్నానికి సరిపోయే పని. అదే చెప్పే దిక్కు లేక ఒక మనిషి తోట కరిగిపోతోంది. ఆయనే నమ్మనప్పుడు, బయటివాణ్ణి నేను లచ్చవ్వకు ఎట్లా చెప్పను?

చలికాలానికి హాలు దాదాపు ఖాళీ అయింది. టౌనువాళ్ళు మానేశారు, ఊరివాళ్ళే అప్పుడొకరు అప్పుడొకరు వస్తున్నారు. ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు. ‘‘ఏం సమజైతలేదు శీనూ. అందరు మంచిగుందంటరు, మళ్ళ రారు’’ అన్నాడు. ఇక మాటలతో లాభం లేదని, ఆయన్ని కారెక్కించుకుని సిరిసిల్ల తీసుకెళ్ళాను. అది నా పుట్టిన ఊరు. మా నాయన సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు, ఆ సాంచల చప్పుడు చెవుల్లో లేకపోతే నాకిప్పటికీ సరిగ్గా నిద్రపట్టదు. అక్కడ మరమగ్గాల మధ్య సందులో ఒక మెస్సు ఉంది. రేకుల కప్పు, ఆరు బల్లలు, మధ్యాహ్నం అయితే కాలు పెట్టే చోటుండదు. ఆ గుంపులో మోహన్‌రావు గారు ఎవరో ఎవరికీ తెలియదు. ఆయన్ని జరిగి కూర్చోమన్నారు, జరిగాడు.

మేము తింటుండగా ఎదురు బల్ల నుంచి ఒకాయన అరిచాడు. ‘‘ఏందే రాజన్నా, పప్పు మాడపెట్టినవ్! ఇంట్ల లొల్లైందా ఏంది?’’ అందరూ గొల్లుమన్నారు. మెస్సు నడిపే రాజన్న వచ్చి, గరిటెతో కొంచెం నోట్లో వేసుకుని, ‘‘అవునే, అడుగంటింది’’ అని ఆ గిన్నె మొత్తం లోపలికి పంపించి, అందరికీ గుడ్డు కూర వేయించాడు. సాకులు చెప్పలేదు, మొహం మాడ్చుకోలేదు. తిట్టినవాడు వెళ్ళేటప్పుడు ‘‘రేపు బెండకాయ జెయ్యి’’ అని ఆర్డరేసి మరీ పోయాడు.

మోహన్‌రావు గారి ప్లేటులో చారు అయిపోయింది. కావాలని అడగడం ఆయనకు రాలేదు. పుట్టిన దగ్గర్నుంచి అడగకముందే వడ్డిస్తే తిన్న మనిషి, అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాడు. రాజన్న దూరం నుంచే చూసి, ‘‘పెద్దనాయినా, సిగ్గుపడితె కడుపు నిండదే! కావాలంటె అడగాలె’’ అని చారు పోసి, ఆగకుండా పక్క బల్లకు వెళ్ళిపోయాడు. ఎలా ఉందని మా ఇద్దరిలో ఎవరినీ అడగలేదు.

తిరిగి వస్తూ వేములవాడ దాటాం. ‘‘గా పప్పు సంగతి జెప్పినాయన రాజన్నకు చుట్టమా?’’ అని అడిగాడు ఆయన.

‘‘కాదు సార్. సాంచల మీద పనిచేసేటాయన. రోజు తింటడు.’’

‘‘నన్నట్ల ఒక్కడు గూడ అనలే శీనూ’’ అన్నాడు. కిటికీ వైపు తిరిగిపోయాడు.

నేరుగా హోటల్‌కు పోయి, డాక్టర్ మాట పక్కన పెట్టి మటన్ తెప్పించుకుని నోట్లో పెట్టుకున్నాడు. మింగలేకపోయాడు. లచ్చవ్వను పిలిచి, తిట్టకుండానే, ఉన్నమాట చెప్పాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ‘‘నాకు సప్పగనె ఉన్నట్టుండె చిన్నదొరా. ఒక్కరన్న నాతోని అంటె నేను గింత పని చేద్దునా?’’ మర్నాడు ఎంత వద్దన్నా వినకుండా ఊరికి వెళ్ళిపోయింది. ఆయన కొత్త మాస్టర్‌ను పెట్టాడు. హాల్లోకి రావడం మానేసి మేడ మీద గదిలో కూర్చున్నాడు. గల్లా మీద టౌను మనిషిని పెట్టాడు. కూర బాగుపడింది. నేను తిని చూశాను, నిజంగా బాగుంది. అయినా జనం రాలేదు. పోట్లాడి పోయినవాడు మళ్ళీ వస్తాడేమో కానీ, బాగుందని చెప్పి పోయినవాడు ఉప్పు తగ్గిందో లేదో చూడటానికి తిరిగి రాడు. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మరుసటి ఏడాది వానలు పడ్డాక ఫోన్ వచ్చింది. ‘‘ఇప్పుకపోదువు రా’’ అన్నాడు, అంతే. నేను బిగించిన పొయ్యిలు నేనే విప్పాను. హుడ్డు కిందికి దించి వ్యాన్‌లో పెడుతుండగా కొమురయ్య వచ్చాడు. మూత వేస్తున్నారని విని పలకరించి పోదామని వచ్చాడట. మోహన్‌రావు గారు ఖాళీ హాలు మధ్యలో నిలబడి ఉన్నాడు.

‘‘మంచి హోటల్ పాయె దొరా’’ అన్నాడు కొమురయ్య.

‘‘ఇప్పుడన్న నిజం చెప్పు కొమురయ్యా. తినరాకపోతుండె గదా?’’

కొమురయ్య తల వంచుకున్నాడు. ‘‘ఉప్పు బాగ ఎక్కువుంటుండె దొరా. నాకు గూడ బీపీ ఉన్నది. తిన్ననాడు రెండు గోలీలు ఏసుకుంటుంటి.’’

‘‘మరెందుకొస్తుంటివే?’’

‘‘మీరు రమ్మంటిరి గద. పిలిస్తె రాకుంట ఉంటమా? మా నాయన ఎన్నడన్న రాకుంట ఉన్నడా?’’

అందులో వ్యంగ్యం ఇసుమంత లేదు. ప్రేమగానే అన్నాడు. మోహన్‌రావు గారు ఖాళీ హాల్లో కుర్చీ కోసం చుట్టూ చూశాడు. నేను పరుగున వెళ్ళి వ్యాన్‌లోంచి ఒక కుర్చీ దించి తెచ్చాను. ఆయన కూర్చోకుండా దాన్ని కొమురయ్య వైపు జరిపాడు. ‘‘కూసో అన్నా’’ అన్నాడు. తనకంటే చిన్నవాణ్ణి, తన ఇంట్లో పనిచేసినవాని కొడుకును అన్నా అని పిలవడం ఆ రోజే విన్నాను.

‘‘వద్దు దొరా, గిట్లనె మంచిగుంది’’ అన్నాడు కొమురయ్య.

ఆ సాయంత్రం వ్యాన్ వెనకాలే బండి నడుపుకుంటూ జగిత్యాల వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. హోటళ్ళు మూతపడటం నాకు కొత్తా? కానీ ఒక మంచి మనిషి ఇంత మర్యాదగా, ఇంతమంది మంచివాళ్ళ చేతుల్లో మునిగిపోవడం నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు కొత్తగా హోటల్ పెట్టేవాళ్ళు నా దగ్గరికి వస్తే పొయ్యి కొలతల కంటే ముందు ఒక మాట చెప్తున్నాను. తినేవాడి ముందు నిలబడి ఎలా ఉందని అడగకండి, ఆ ప్రశ్నకు మన దగ్గర ఒకటే జవాబు. వాడు వదిలేసింది చూడండి. మీ కూర మీరు రోజూ తినండి. ఎవరైనా అరిస్తే సంతోషించండి, మొహం మాడ్చుకోకండి, గిన్నె మార్చండి. అడగడం ఒకటి, అవతలివాడికి చెప్పే ధైర్యం ఇవ్వడం ఇంకొకటి. మోహన్‌రావు గారు మొదటిది రోజూ చేశాడు. రెండోది ఇవ్వడం ఆయన ఒక్కడి చేతిలో లేదు. ఆ ధైర్యం ఆయన పుట్టకముందే, గడీ రోజుల్లోనే పోయింది.

ఆ మధ్య పని మీద కథలాపూర్ వెళ్ళి, పొద్దున్నే బస్టాండ్ దగ్గర ఒక టిఫిన్ బండి ముందు ఆగాను. నా ముందు ఎవరో మనిషి ప్లేటు బండి మీద టప్పున పెట్టి అరుస్తున్నాడు. ‘‘ఏందిరా గీ చట్నీ? పల్లీలేస్తివా, నీళ్ళేస్తివా? నా పైసలు పైసలు కావా? మార్చురా!’’ బండివాడు నవ్వుతూ ఇంకో గరిటె వేస్తున్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. గొంతు ఎక్కడో విన్నట్టుందని పక్కకు వచ్చి చూశాను. కొమురయ్య. రొమ్ము విరుచుకుని, కళ్ళెర్రజేసి, దర్జాగా తిడుతున్నాడు. నన్ను గుర్తుపట్టి, ‘‘దొర మంచిగున్నడా అన్నా?’’ అని అడిగాడు. గొంతు అప్పటికే తగ్గిపోయింది.

బాగానే ఉన్నాడని చెప్పాను. నా ఇడ్లీ చల్లారిపోయింది, తినబుద్ధి కాలేదు. ఆ తిట్టు కోసం ఒక మనిషి మామిడితోట అమ్ముకున్నాడు.